తిరగేసిన బోర్డు మోగింది, సరిగ్గా చేసిన బోర్డు మోగట్లేదు

#1 ఆరోతీగ (గుంటూరు)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. తల గోడకేసి కొట్టుకునే పరిస్థితి వచ్చింది కాబట్టి రాస్తున్నా.

గిటారుకీ యాంప్‌కీ మధ్య పెట్టి సౌండు మార్చే డబ్బా, అదే పెడల్, ఒకటి నా చేత్తో కట్టాలని, సౌండు పెంచే ఎల్‌పీబీ-1 బూస్టర్ ఎంచుకున్నా. 1968లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్లు తెచ్చిన సర్క్యూట్. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ పాట్, అంతే. ఇంత చిన్నదాంట్లో తప్పు చెయ్యడానికి ఏముంటుంది అనుకున్నా.

బోర్డు కూడా ఇంట్లోనే చేశా. కైక్యాడ్ అనే బోర్డులు గీసే ప్రోగ్రాంలో గీసి, ఆదివారం అనుబంధంలో మెరిసే కాగితం చించి, దాని మీద లేజర్ ప్రింట్ తీయించి, ఇస్త్రీ పెట్టెతో రాగి మీదికి దించి, అక్కర్లేని రాగిని తినేసే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచా. ట్రాకులు, అంటే రాగి గీతలు, ఎలుక కొరికినట్టు వచ్చాయి. తెగినచోట మార్కర్‌తో గీసి సరిపెట్టా. అయినా కట్టాక మోగింది! యాంప్ పగిలిపోతుందేమో అన్నంత సౌండు.

ఆ తర్వాత ఇక్కడి పాత పోస్టులు చదివితే, కిందిపొర రాగికి ప్రింట్ తీసేటప్పుడు బొమ్మని కుడిఎడమలు తిరగేసే మిర్రర్ టిక్ పెట్టకూడదని తెలిసింది. నేను ఒక వీడియో చూసి పెట్టేశా. ఎలాగూ ట్రాకులు బాగోలేవు కదా అని రెండో బోర్డు చేశా, ఈసారి మిర్రర్ లేకుండా. చూస్తే ముచ్చటేస్తుంది, ఫ్యాక్టరీ బోర్డులా ఉంది. కానీ మోగట్లేదు. మోగట్లేదంటే పూర్తిగా చచ్చిపోలేదు, పక్కింట్లో ఎవరో వాయిస్తుంటే గోడ ఇవతల్నుంచి విన్నట్టు, మధ్యలో గరగర. ట్రాన్సిస్టర్ మార్చి చూశా, అదే తీరు. రెసిస్టర్లన్నీ మీటర్‌తో కొలిచా, సరిగ్గానే ఉన్నాయి.

తప్పుగా చేసింది మోగి, సరిగ్గా చేసింది మోగకపోవడం ఏంటండీ?

#2 ఫజ్_పిచ్చి (బెంగళూరు)

స్వాగతం బ్రో. అందంగా ఉన్న బోర్డుని నమ్మకు. ముందు దాన్ని దీపానికి అడ్డంగా పట్టి చూడు. రెండు ట్రాకుల మధ్య వెంట్రుకవాసి రాగి మిగిలిపోతే కంటికి ఆనదు, వెలుతురులో తెలుస్తుంది. మీటర్ బీప్‌లో పెట్టి పక్కపక్క ట్రాకులన్నీ తాకించు. డ్రై సోల్డర్ ఉందేమో చూడు, టంకం మెరవకుండా బూడిదరంగులో ముద్దలా ఉంటే మళ్లీ కరిగించు.

తర్వాత రెండు బోర్డులకీ 9 వోల్టులు ఇచ్చి ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల దగ్గర వోల్టేజీలు రాయి. నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద. ఆ ఆరు అంకెలు ఇస్తే సగం జబ్బు ఇక్కడి నుంచే చెప్పేస్తాం.

ఇంకో చిట్కా. పాత గిటార్ వైరు ఒకటి తీసుకుని లోపలి తీగకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించి, రెండో కొస యాంప్‌కి పెట్టు. గిటారు మోగిస్తూ ఆ కెపాసిటర్ కాలుతో ఇన్‌పుట్ నుంచి ఒక్కో చోటా తాకుతూ పో. ఎక్కడి దాకా సౌండు బాగుండి ఎక్కడ పడిపోయిందో చెవే చెబుతుంది. ఆసిలోస్కోప్ లేనివాళ్లకి ఇదే ఆసిలోస్కోప్.

#3 మౌనబాస్ (విశాఖ)

మోగిన బోర్డుని డబ్బాలో పెట్టి, అందమైనదాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించు. నీ సమస్య తీరింది, మా ఆదివారమూ మిగిలింది.

#4 గల్లీ_కండెన్సర్ (హైదరాబాద్)

ఆగు తమ్మీ, ముందు గా ట్రాన్సిస్టర్ ఏందో చెప్పు. ఎల్‌పీబీ డ్రాయింగ్‌ల 2ఎన్5088 ఉంటది. మా కోఠి గుజరాతీ గల్లీల పది దుకాణాలు తిరిగినా అది దొరుకుడు కష్టమే. అడిగితె "గదెందుకన్నా, ఇది వెయ్" అని బీసీ547 చేతుల పెడ్తరు. నువ్వు ఏది వెట్టినవ్?

430కె, 43కె రెసిస్టర్లు (కె అంటె వెయ్యి ఓములు) ఎట్ల దొరికినయ్ నీకు? నేనైతే 470కె, 47కె వేస్త. రెండు జతలల్ల పైదానికి కిందిదానికి పదింతలే తేడా, బేస్ దగ్గర వోల్టేజ్ మారది.

#5 ఆరోతీగ

అన్నా, కరెక్ట్‌గా పట్టుకున్నారు. 2ఎన్5088 ఇక్కడ దొరకలేదు, బీసీ547 వేశా. రెండు బోర్డుల్లోనూ అదే. గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, సరిపోతుందని చదివి ధైర్యంగా వేసేశా. రెసిస్టర్లు కూడా మీరన్నట్టే 470కె, 47కె.

బోర్డు వెలుతురులో చూశా, షార్టులు లేవు. వోల్టేజీలు ఇవిగో. డ్రాయింగ్‌లో ఏ కాలుకి ఏ పేరుందో ఆ పేరుతోనే రాస్తున్నా.

మొదటి బోర్డు (మోగేది): కలెక్టర్ 4.8, బేస్ 0.76, ఎమిటర్ 0.16.
రెండో బోర్డు (మోగనిది): కలెక్టర్ 8.7, బేస్ 0.66, ఎమిటర్ 0.01.

ఇంకోటి చెప్పడం మర్చిపోయా. మోగే బోర్డుని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పెట్టా. గిటారు వాల్యూమ్ తగ్గించి ఊరుకుంటే సన్నగా ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోంది. మొదట భయమేసింది. తీరా చూస్తే ఆకాశవాణి!

#6 మౌనబాస్

గుంటూర్లో ఉండి విజయవాడ కేంద్రం పట్టకపోతేనే ఆశ్చర్యం. 837 కిలోహెర్ట్జ్. ఫ్రీగా రేడియో కూడా వచ్చింది కదా, ఇంకేం కావాలి?

#7 ఫజ్_పిచ్చి

రెండో బోర్డులో కలెక్టర్ దగ్గరి 10కె రెసిస్టర్ మీద 0.3 వోల్టులే పడుతున్నాయి. అంటే కలెక్టర్ కరెంటు 0.03 మిల్లీయాంప్. మొదటిదాంట్లో 0.42 మిల్లీయాంప్. ట్రాన్సిస్టర్ దాదాపు నిద్రపోతోంది. 47కె బదులు 4.7కె పడిందా? రంగులు మళ్లీ చూడు.

#8 ఆరోతీగ

పసుపు, ఊదా, నారింజ. మీటర్‌లో కూడా 46.8కె. అది కాదు బ్రో.

#9 పాతరేడియో (ఏలూరు)

బాబూ, ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. నీ డ్రాయింగ్‌లో రాగి పొర మీద పేరేదైనా రాసుకున్నావా? రాసుకుంటే రెండు బోర్డులనీ రాగి వైపు తిప్పి చూడు. అక్షరాలు దేని మీద తిన్నగా ఉన్నాయి, దేని మీద తిరగబడి ఉన్నాయి?

ట్రాన్సిస్టర్‌ని ఎలా పెట్టావు? బల్లపరుపు ముఖం ఎటు ఉండాలో ఎలా నిర్ణయించావు?

#10 ఆరోతీగ

మాస్టారూ, నా పేరులో మొదటి రెండక్షరాలు పెట్టుకున్నా. మొదటి బోర్డు మీద తిరగబడి ఉన్నాయి, అద్దంలో చూస్తే కానీ చదవలేం. రెండోదాంట్లో తిన్నగా ఉన్నాయి.

ట్రాన్సిస్టర్ బల్లపరుపు ముఖం డ్రాయింగ్‌లో బోర్డు కింది అంచు వైపు ఉంది. రెండింట్లోనూ అలాగే పెట్టా.

#11 పాతరేడియో

సరే, దొంగ దొరికాడు. ఇద్దరు దొంగలు. మొదటి బోర్డులో ఒకడు చేసిన తప్పుని ఇంకొకడు కప్పేశాడు.

2ఎన్5088 బల్లపరుపు ముఖం నీ వైపు, కాళ్లు కిందికి పట్టుకుంటే ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547 అలాగే పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అచ్చంగా తిరగేసిన వరస. అమెరికా వాళ్ల 2ఎన్ రకాలకీ ఐరోపా వాళ్ల బీసీ రకాలకీ ఈ పేచీ ఎప్పటి నుంచో ఉంది. గెయిన్ చూసి ఒకదాని బదులు ఇంకోటి వెయ్యొచ్చు, కాళ్లు చూడకుండా మాత్రం వెయ్యకూడదు.

ఇప్పుడు నీ మొదటి బోర్డు. మిర్రర్ టిక్ పెట్టావు గనక బోర్డు మొత్తం కుడిఎడమలు తారుమారైంది. ఎమిటర్, బేస్, కలెక్టర్ వరసలో ఉండాల్సిన కంతలు కలెక్టర్, బేస్, ఎమిటర్ వరసలోకి వచ్చాయి. నువ్వు ముఖం కింది అంచుకే పెట్టి బీసీ547 దూర్చావు. దాని కాళ్లూ అదే వరస. చక్కగా కూర్చుంది. రెసిస్టర్లకి, మామూలు కెపాసిటర్లకి కుడిఎడమలు లేవు కాబట్టి వాటికి పట్టింపు లేదు.

రెండో బోర్డు సరిగ్గా వచ్చింది. కంతలు 2ఎన్5088 వరసలో ఉన్నాయి. అందులో బీసీ547 పెట్టావు. కలెక్టర్ ఉండాల్సిన చోట ఎమిటర్ ఉంది, ఎమిటర్ ఉండాల్సిన చోట కలెక్టర్. ట్రాన్సిస్టర్‌ని వెనకనుంచి నడిపించినా ఎంతో కొంత నడుస్తుంది, గెయిన్ మాత్రం వందల నుంచి అయిదు పదికి పడిపోతుంది. నీ గోడ అవతలి సంగీతం అదే.

టంకం తీసి, ట్రాన్సిస్టర్‌ని 180 డిగ్రీలు తిప్పి పెట్టు. ముఖం పై అంచు వైపు. అయితే అందులో ఉన్నదాన్ని మళ్లీ వాడకు, కొత్తది వెయ్. బీసీ547లో ఎమిటర్, బేస్ మధ్య ఎదురు వోల్టేజీ 6 దాటకూడదని పరిమితి. నువ్వు తిరగేసి పెట్టి 8 దాకా ఇచ్చావు. చావదు కానీ గుణం చెడుతుంది, బుసబుసమనే మోత పెరుగుతుంది. నువ్వు విన్న గరగరలో కొంత వాటా దానిదే అయ్యుంటుంది.

#12 మౌనబాస్

మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు చెబితే ఎక్కడ పనికొస్తుందిలే అనుకున్నా.

#13 గల్లీ_కండెన్సర్

పెద్దసారు అక్షరాలు అడిగి పట్టిండు సూడు! నేను బీసీ547 కాడిదాక వచ్చిన గని మిర్రర్ సంగతి దిమాక్‌ల రాలె.

తమ్మీ, ఇగ నుంచి ట్రాన్సిస్టర్ డైరెక్ట్ టంకం వెట్టకు. ఐసీ బేస్‌ల పట్టీ దొరుకుతది, మూడు కంతల ముక్క కోసి అది వెయ్. తిప్పి సూసుడు, మార్చి సూసుడు అల్కగైతది. రాగి ఊడిరాదు. ఇంట్ల చేసిన బోర్డుల కంత సుట్టున్న రాగి ప్యాడ్ మూడోసారి వేడి చేస్తె లేచొస్తది, జర పైలం.

#14 డాలస్_డిలే

ఇద్దరు దొంగల కథ బాగుంది మాస్టారూ. నాకైతే ఒక్క దొంగే దొరికాడు, వాడు కప్పిపుచ్చుకోలేకపోయాడు. నా మొదటి బోర్డు ట్యూబ్ స్క్రీమర్ అనే ఇంకో పెడల్‌ది. అందులో 4558 ఐసీ, ఎనిమిది కాళ్లు. నేనూ మిర్రర్ చేసేశాను. ట్రాన్సిస్టర్‌ని తిప్పుకోవచ్చు కానీ ఐసీని ఎటు తిప్పినా కుదరదు. చివరికి దాన్ని బోర్లా పడుకోబెట్టి, కాళ్లు వెనక్కి వంచి, రాగి వైపు నుంచి టంకం వేశాను. చచ్చిన బొద్దింకలా ఉంది. అయినా ఏడేళ్లుగా మోగుతూనే ఉంది, మా సత్సంగం భజనల్లో కూడా వాయించాను.

ఆరోతీగ గారూ, వీడియోలో ఆయన తప్పు చెప్పి ఉండకపోవచ్చు. రాగి పై వైపే ఉండి, పార్టులు కూడా అదే వైపు అతికించే బోర్డులకి మిర్రర్ చెయ్యాలి. మన పెడల్ బోర్డుల్లో పార్టులు ఒక వైపు, రాగి రెండో వైపు. కైక్యాడ్ మనకి పై నుంచి, బోర్డు గాజుదైనట్టు చూపిస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు ప్రింట్ తీసి రాగి మీద బోర్లించినప్పుడే ఒకసారి తిరగబడుతుంది. అది చాలు. ఇంకోసారి మనం తిప్పక్కర్లేదు. నేను గుర్తుపెట్టుకునే పద్ధతి ఇది: కాగితం మీద అక్షరాలు తిరగబడి ఉండాలి, రాగి మీద తిన్నగా ఉండాలి. అందుకే ప్రతి బోర్డు మీదా ఒక అక్షరమైనా వేస్తాను.

#15 ఫజ్_పిచ్చి

అక్కా ఎనిమిది కాళ్ల మాట ఎత్తారు కాబట్టి ఇంకోటి. ప్రింట్ తీసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అనే ఆప్షన్ ఆఫ్ చెయ్యండి. 100 శాతమే ఉండాలి. నాది ఒకసారి 97 శాతం అయ్యింది. రెసిస్టర్లు దూరాయి, పాట్లు దూరాయి, 14 కాళ్ల ఐసీ మాత్రం ససేమిరా అంది. కాళ్ల మధ్య 2.54 మిల్లీమీటర్లు ఉండాలి, ఏడో కాలుకి వచ్చేసరికి తేడా అర మిల్లీమీటర్. ఇప్పుడు ప్రింట్ రాగానే కాగితం మీద ఐసీని గుచ్చి చూసి కానీ ఇస్త్రీ పెట్టె ముట్టుకోను.

#16 ఆరోతీగ

మాస్టారూ!!! తిప్పి పెట్టా. కొత్త బీసీ547. కలెక్టర్ 4.9. మోగుతోంది, గరగర కూడా పోయింది. రాత్రి పదకొండుకి గట్టిగా కేకేస్తే అమ్మ లేచొచ్చింది.

ఇక సిగ్గు విడిచి మిగతావి కూడా అడిగేస్తా. మొదటిసారి ట్రాకులు ఎలుక కొరికినట్టు వచ్చి రెండోసారి బాగా ఎందుకొచ్చాయో నాకే తెలీదు. కాగితం అదే, ఇస్త్రీ పెట్టె అదే. తేడా ఒక్కటే, రెండోసారి రాగిని అమ్మ ఇత్తడి గిన్నెలు తోమే చింతపండుతో తోమా. అందుకేనా? వాడేసిన ఫెర్రిక్ క్లోరైడ్ ఒక బాటిల్ నిండా ఉంది, ఏం చెయ్యాలి?

#17 పాతరేడియో

అందుకే. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి. వేడికి కరిగి రాగికి అంటుకోవాలి. మధ్యలో చిలుమో, వేలిముద్ర జిడ్డో ఉంటే అంటుకోదు. చింతపండు పులుపు చిలుముని కరిగిస్తుంది. అయితే తోమాక సబ్బుతో కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడువు. ఆ తర్వాత అంచులు పట్టుకోవాలే తప్ప రాగి మీద వేలు పడకూడదు. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో రెండు దిక్కులా సన్నటి గీతలు పడేలా రుద్దితే ఇంకా మంచిది, టోనర్‌కి పట్టు దొరుకుతుంది.

మా రోజుల్లో ఇస్త్రీ పెట్టె పద్ధతి లేదు. 1980ల్లో నేను రేడియో షాపు నడిపేటప్పుడు హైలం బోర్డు మీద కార్బన్ కాగితంతో గీత దింపి, సన్న కుంచెతో ఎనామెల్ పెయింటు పూసేవాళ్లం. ఐసీ కాళ్ల మధ్య పెయింటు పూయాలంటే ఊపిరి బిగబట్టాలి. మా ఆవిడ గోళ్ల రంగు ఎన్ని సీసాలు ఖర్చయ్యాయో లెక్కలేదు. ఆ గోధుమరంగు బోర్డుని ఇప్పటికీ షాపుల్లో హైలం అనే అడుగుతారు, అది మన సనత్‌నగర్ బేకలైట్ హైలం కంపెనీ పేరు నుంచి వచ్చిందని కుర్రాళ్లకి తెలీదు.

గిటారు పెడల్‌కి హైలం చాలు. కంతలు వెయ్యడం తేలిక, బిట్టు అరగదు. పచ్చటి గ్లాస్ ఎపాక్సీ గట్టిదే, వేడికి రాగి ఊడదు, కానీ మామూలు బిట్టుని ముప్ఫై కంతల్లో మొద్దుబారుస్తుంది. పైగా ఆ పొడి గాజు పొడి. ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా కంతలు వెయ్యొద్దు.

#18 డాలస్_డిలే

ఫెర్రిక్ క్లోరైడ్ గురించి నేను చెబుతాను. సింకులో మాత్రం పొయ్యకండి. వాడేసిన ద్రావణంలో మీ బోర్డు రాగి అంతా కరిగి ఉంటుంది. చెరువులో చేపలకి, నీటి మొక్కలకి రాగి విషం. పైగా దారిలో ఇనప గొట్టాలనీ తినేస్తుంది.

ముందు, అది నిజంగా అయిపోయిందా చూడండి. ఒకటి రెండు చిన్న బోర్డులకే అయిపోదు. మూత బిగించి దాచుకుని, వాడేటప్పుడు బయటి టబ్బులో వేడినీళ్లు పోసి అందులో ఈ డబ్బా నిలబెడితే 40, 45 డిగ్రీల దగ్గర మళ్లీ చురుగ్గా పని చేస్తుంది. ఆకుపచ్చగా మారి, గంటైనా రాగి కదలకపోతే అప్పుడు అయిపోయినట్టు. అప్పుడు ప్లాస్టిక్ బకెట్‌లో చాకలి సోడా కొంచెం కొంచెంగా వెయ్యండి. నురగ పొంగుతుంది, తొందరపడి ఒక్కసారే వేస్తే బకెట్ దాటుతుంది. పొంగు ఆగాక మడ్డి అడుక్కి దిగుతుంది. పై నీళ్లు తేరిన తర్వాత ఆ మడ్డిని ఆరబెట్టి ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వాలి. మాకు ఇక్కడ అలాంటి చోటు ఉంది. మీ దగ్గర లేకపోతే సిమెంటులో కలిపి ముద్ద చేసి ఉంచడం మిగతా దారులకంటే నయం.

నేను మొదట్లో ఫెర్రిక్ వాడలేదు. ఈత కొలనుల షాపులో దొరికే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మందుల షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపాను. అయిదు నిమిషాల్లో రాగి మాయం. చేసింది గరాజ్‌లో. నెల తిరిగేసరికి అక్కడ వేలాడదీసిన మా ఆయన స్పానర్లన్నీ తుప్పు పట్టాయి. ఆ ఆవిరి అంత ఘాటు. ఆ గొడవ ఇంకా తేలలేదు.

#19 గల్లీ_కండెన్సర్

పొడి ఫెర్రిక్ కొన్నోళ్లకు ఒక మాట. నీళ్లల్ల పొడి వెయ్యాలె, పొడి మీద నీళ్లు పొయ్యొద్దు. మస్తు వేడి లేస్తది, ముక్కులకు ఘాటు కొడ్తది. కిటికి తీసి చెయ్యుర్రి. గిన్నె ప్లాస్టిక్‌దే గావాలె. నేను ఎనకట ఆగమాగంల సిల్వర్ గిన్నెల పోసిన. బుసబుస పొంగి గిన్నె అడుగుకు చిల్లి వడ్డది. అమ్మ ఇప్పటికి గా ముచ్చట తీస్తది.

బండల మీద పడ్డ పసుపు మరకలకు ఆక్సాలిక్ యాసిడ్ పనిచేస్తది, చేతులకు గ్లౌజులు ఏసుకోని.

#20 మౌనబాస్

ఇంత కష్టం ఎందుకు? చైనాకి ఫైలు పంపిస్తే అయిదు బోర్డులు వస్తాయి. రెండు వైపులా రాగి, పచ్చరంగు పూత, తెల్ల అక్షరాలు. గిన్నెలకి చిల్లులు పడవు, స్పానర్లు తుప్పు పట్టవు.

#21 ఫజ్_పిచ్చి

పది పెడళ్లు కట్టి అమ్మేవాడికి అదే రైటు. నేనూ డిలే పెడల్ బోర్డు అలాగే తెప్పించా, అంత కిక్కిరిసిన ట్రాకులు ఇంట్లో రావు. కానీ బోర్డు చేతికొచ్చాక ఒక ట్రాకు తప్పుగా గీశానని తెలిసింది. అయిదూ తప్పే. మళ్లీ ఆర్డరు, మళ్లీ ఎదురుచూపు, మళ్లీ కస్టమ్స్. ఇంట్లో అయితే శనివారం పొద్దున గీసి, మధ్యాహ్నం మోగించి, తప్పుంటే సాయంత్రానికి ఇంకోటి. మొదటి బోర్డు ఇంట్లో చేసి మోగించి, నచ్చితే తర్వాత పంపడం నా పద్ధతి.

ఇంట్లో చెయ్యాలనుకుంటే ఒక్కటే, ట్రాకు 1 మిల్లీమీటర్ వెడల్పు పెట్టు, మధ్య ఖాళీ అర మిల్లీమీటర్‌కి తగ్గనివ్వకు, ప్యాడ్ 2 మిల్లీమీటర్లు. జాగా ఉన్నచోట ఇంకా లావు చెయ్. కైక్యాడ్ ఇచ్చే సన్నగీతలు ఫ్యాక్టరీకి, ఇస్త్రీ పెట్టెకి కాదు. ఖాళీ జాగా అంతా గ్రౌండ్ రాగితో నింపేస్తే తినాల్సిన రాగి తగ్గుతుంది, ఫెర్రిక్ ఎక్కువ బోర్డులకి వస్తుంది.

#22 ఆరోతీగ

కాగితం విషయంలో నాకు వేరే కష్టం. మా వీధి జిరాక్స్ షాపాయన పత్రిక కాగితం మెషిన్‌లో పెట్టనంటున్నాడు. రెండుసార్లు బతిమాలితే పెట్టాడు. మూడోసారి కాగితం లోపల ఇరుక్కుంది. ఇప్పుడు నన్ను చూస్తే షట్టర్ దించేస్తున్నాడు.

#23 పాతరేడియో

ఆయన తప్పేం లేదు, డ్రమ్ము పోతే ఎవడిస్తాడు? చించిన కాగితం పెట్టకు. అంచులు కత్తిరతో సరిగ్గా ఎ4 కొలతకి కోసి, ముందు కొసని మామూలు కాగితానికి సన్న టేపుతో అంటించు. స్టేపుల్ కొట్టకు. ప్రింట్ ముదురుగా, టోనర్ ఆదా ఆఫ్ చెయ్యమని చెప్పు. ఇంక్‌జెట్ ప్రింట్ దీనికి పనికిరాదు, కరగడానికి అందులో టోనర్ ఉండదు.

ఇస్త్రీ కాటన్ మార్కు మీద, నీళ్ల ఆవిరి లేకుండా. మూడు నాలుగు నిమిషాలు నొక్కి పట్టి, చివర్లో పెట్టె కొసతో అంచులు అదుము. అటూఇటూ జరిపితే ట్రాకులు చెదిరి పోతాయి. ఆరాక పది నిమిషాలు నీళ్లలో నానబెట్టు. కాగితం పీకకు, బొటనవేలితో రుద్దితే పొరపొరగా వస్తుంది. పత్రిక కాగితం మీద మెరుపు మట్టి పూత ఉంటుంది, అది నానితే టోనర్‌ని వదిలేస్తుంది. అదే దాని గొప్పతనం.

#24 డాలస్_డిలే

ఆకాశవాణి సంగతి ఎవరూ చెప్పలేదు పాపం.

#25 పాతరేడియో

మర్చిపోయాను. ముందు ఆ ప్లాస్టిక్ డబ్బా మార్చు. అల్యూమినియం పెట్టె కొను, 112, 60, 31 మిల్లీమీటర్ల పోతపోసిన డబ్బాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. పెట్టెని గ్రౌండ్‌కి కలుపు, జాక్ బిగించగానే దానంతట అదే కలుస్తుంది. డబ్బు లేకపోతే స్టీలు టిఫిన్ డబ్బా అయినా ఫరవాలేదు, కంతలు వెయ్యడమే నరకం. ప్లాస్టిక్‌లోనే ఉండాలంటే లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించి గ్రౌండ్ చెయ్, ఫాయిల్ బోర్డుని తాకకుండా మధ్యలో అట్టముక్క.

అప్పటికీ వినబడితే ఇన్‌పుట్ దారిలో 4.7కె రెసిస్టర్ వరసలో వేసి, దాని తర్వాత గ్రౌండ్‌కి 220 పికోఫారడ్ డిస్క్ కెపాసిటర్ పెట్టు. 150 కిలోహెర్ట్జ్ పైన ఉన్నవి నేలకి పోతాయి, గిటారుకి ఏమీ కాదు. ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ మధ్య జంక్షన్ డయోడే కదా, అదే నీకు రేడియో అయ్యింది. నలభై ఏళ్ల కిందట ఒక్క ట్రాన్సిస్టర్‌తో విజయవాడ వినాలని మేం పడ్డ పాట్లు చూస్తే, నువ్వు అడక్కుండానే పట్టావు.

#26 గల్లీ_కండెన్సర్

ఎలిమినేటర్ కనెక్టర్ కూడా సూస్కో తమ్మీ. పెడళ్లకు నడుమ ముల్లు మైనస్. మామూలు అడాప్టర్లల్ల నడుమ ప్లస్ ఉంటది. ఒక 1ఎన్5817 డయోడ్ వరసల వేస్తె ఉల్టా పెట్టినా ట్రాన్సిస్టర్ బతుకుతది.

#27 ఆరోతీగ

డయోడ్ వేశా అన్నా. అల్యూమినియం డబ్బా ఆర్డర్ పెట్టా. ఈలోగా వంటింటి ఫాయిల్ చుట్టి చూస్తే గొంతు బాగా తగ్గింది, 220 పికోఫారడ్ కూడా వేస్తే ఇంకేమీ వినబడట్లేదు. నిజం చెప్పాలంటే కాస్త వెలితిగా ఉంది.

మాస్టారూ, మొదటి బోర్డు పారెయ్యలేదు. ఎమిటర్ అని రాసుకున్న చోట ఎమిటరే ఉండి, తిరగబడ్డ అక్షరాలతో మోగుతోంది. మౌనబాస్ అన్న చెప్పినదాన్ని తిరగేసి, దీన్నే ఫ్రేము కట్టిస్తున్నా. అందంగా ఉన్నది డబ్బాలోకి వెళ్తుంది.

తర్వాత ట్యూబ్ స్క్రీమర్ అనుకుంటున్నా. అక్క భయపెట్టారు కాబట్టి ఐసీ మొదటి కాలు పక్కన రాగి మీద పెద్ద "1" వేశా. కాగితం మీద అది తిరగబడే వచ్చింది. ఐసీని గుచ్చి కూడా చూశా, ఎనిమిది కాళ్లూ దిగాయి. ఇక ఇస్త్రీ పెట్టె ఒక్కటే తక్కువ, అమ్మ దాచేసింది.